చలువరాతి రూపకం – అలంకారశాస్త్రం చెప్పవలసిన మాట

అలంపురం నవబ్రహ్మాలయాల ద్వారబంధాలపై ఒకవైపు మకరవాహన అయిన గంగ, మరొకవైపు కూర్మవాహన అయిన యమున నిలిచి ఉంటారు. ఇటీవల నా చేతికి వచ్చిన ఒక పరిశోధనవ్యాసంలో ఈ ఇద్దరినీ ‘పవిత్రతకు ప్రతీకలైన స్త్రీమూర్తులు’ అని వర్ణించారు. అదే వ్యాసంలో ఫణిగిరి శిల్పంలోని శూన్యాసనం ఒక ప్రతీక. బుద్ధుని తపస్సు చెరపవచ్చిన మారుని కుమార్తెలు ప్రతీకలు. హైదరాబాదు కోఠీలోని పాత రెసిడెన్సీ భవనపు నుదుటిపై ఉన్న కంపెనీవారి సింహాలూ ప్రతీకలే. పాపం, ఒక్క మాటపై ఎంత బరువు! ‘ప్రతీకాత్మకం’ అన్న ఈ ఒక్క మాటతో నల్లగొండ, పాలమూరు జిల్లాల శిల్పసంపద అంతా చదివివేసినట్లు భావించే అలవాటు మన పరిశోధకులలో పాతుకొనిపోయినది. చరిత్రశాఖవారిని ఇందుకు తప్పుపట్టి ప్రయోజనం లేదు. పదానికి అర్థం ఎన్ని తీరుల కలుగుతుందో జీవితమంతా పాఠం చెప్పే మనం రాతి ముందుకు వచ్చేసరికి నోరు మెదపకపోవడమే అసలు కారణమని నా అభిప్రాయం.

ఈ అలవాటు ఎక్కడ పుట్టినదో ముందుగా చూడాలి. ఐరోపాలో 18వ శతాబ్ది ఉత్తరార్ధంలో, 19వ శతాబ్ది తొలి దశకాలలో ఒక శిల్పరీతి ప్రబలినది. దానిని నియోక్లాసికల్ శైలి అంటారు. ప్రాచీన యవన, రోమక శిల్పాలను ఆదర్శంగా పెట్టుకొని, ఆడంబరం తగ్గించి, తెల్లని చలువరాతిలో ప్రశాంతమైన రేఖతో రూపం దిద్దడం దాని లక్షణం. ఆ శైలివారికి ఎంతో ప్రియమైన ప్రక్రియ అలిగొరీ, అనగా అమూర్తమైన గుణానికో భావానికో మానవదేహమిచ్చి నిలబెట్టడం. సత్యం, ఆశ, విజయం, శోకం, రాత్రి, పగలు, ఇవన్నీ వారి చేతిలో వస్త్రం ధరించిన స్త్రీలైనాయి. సమాధులపైన, సభాభవనాల గోడలపైన ఇటువంటి అర్ధచిత్రాలు కోకొల్లలు. అర్ధచిత్రం అన్న మాటను బుద్ధిపూర్వకంగానే వాడుతున్నాను. అన్ని వైపులా విడివడి నిలిచే మూర్తి చిత్రం, ఫలకానికి అంటుకొని సగం పైకి లేచేది అర్ధచిత్రం, గోడపై వ్రాసేది చిత్రాభాసం అని మన శిల్పశాస్త్రకారులు చక్కగా విభజించి పెట్టారు. ‘ఉబ్బెత్తు శిల్పం’ అని అనువాదపు మాట కల్పించుకోవలసిన అవసరం మనకు లేదు.

మన ప్రాంతంవారికి పాశ్చాత్యుల చలువరాతి పని అనగానే సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలోని ముసుగు రెబెక్కా గుర్తుకు వస్తుంది. ఇటలీ శిల్పి బెంజోనీ మలచిన ఆ మూర్తిని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమునగరంలో కొని తెచ్చారు. రాతిలో పలుచని ముసుగును చూపిన ఆ నేర్పు ప్రశంసనీయమే. అయితే రెబెక్కా బైబిలు కథలోని ఒక వధువు. ఏదో గుణానికి రూపమిచ్చిన బొమ్మ కాదు. విహారయాత్రకు తీసుకొనివెళ్ళిన విద్యార్థులకు ఆమెను లజ్జకు ప్రతీక అని చెప్పే ఉపాధ్యాయులు కూడ ఉన్నారు గనుక ఈ మాట చెప్పవలసి వచ్చినది.

అలిగొరీకి చక్కని ఉదాహరణం డెన్మార్కు శిల్పి థొర్వాల్‌సెన్ రోములో ఉండగా 1815లో చేసిన ‘రాత్రి’ అనే వృత్తాకారపు అర్ధచిత్రం. రెక్కలు గల ఒక స్త్రీ తల వంచి, నిద్రపోతున్న ఇద్దరు శిశువులను రొమ్ముకు హత్తుకొని ఆకాశంలో పోతూ ఉంటుంది. వెనుక ఒక గుడ్లగూబ. దీనికి జంటగా ‘పగలు’ అనే ఫలకం ఉన్నది. అందులోని స్త్రీ పూలు చల్లుతూ పోతుంది. ఈ రెండింటి నకళ్ళు ఐరోపాలో లెక్కకు మించి తయారైనాయి. శిల్పం నిజంగా అందమైనది, అందులో వివాదం లేదు. మన పండితులకు దానిని చూడగానే రాత్రీదేవత, ఉషోదేవత స్ఫురిస్తారు. ఋగ్వేదం పదవ మండలంలో రాత్రిసూక్తం ఉన్నది కదా, ఇదీ అదీ ఒకటే కదా అనిపిస్తుంది. అక్కడే ఆగి ఆలోచించాలి.

వేదంలో రాత్రిని ఋషి సంబోధించాడు, రక్షించమని వేడుకొన్నాడు. సంబోధ్యురాలు వినగలిగినదైతేనే ప్రార్థనకు అర్థం. 1815 నాటి రోమునగరంలో రాత్రిని వేడుకొనేవారు ఒక్కరూ లేరు. శిల్పి దృష్టిలో ఆమె ఒక కల్పన. ఆ కల్పనకు ఆధారం గ్రంథాలు. ఇటలీ దేశపు చేజారె రీపా 1593లో ‘ఇకొనొలోజియా’ అన్న పేరుతో ఒక గ్రంథం ప్రకటించాడు. 1603 ముద్రణలో దానికి బొమ్మలు చేరాయి. ఏ గుణానికి ఏ వేషం, చేతిలో ఏ వస్తువు, పక్కన ఏ జంతువు ఉండాలో అందులో వరుసగా చెప్పాడు. శిల్పులూ చిత్రకారులూ రెండు శతాబ్దాలు దానిని నిఘంటువువలె వాడుకొన్నారు. పైకి చూస్తే మన ధ్యానశ్లోకాల పద్ధతివలెనే కనిపిస్తుంది. ఆయుధం, వాహనం, వర్ణం, ముద్ర అన్నీ నిర్ణీతం. భేదమల్లా ఇంతే. రీపా గ్రంథం చూసి శిల్పి బొమ్మ చెక్కుతాడు. ధ్యానశ్లోకం చదివి ఉపాసకుడు కన్ను మూసుకొంటాడు.

ఈ పాశ్చాత్యరూపకాన్ని మన శాస్త్రంలో ఎక్కడ పెట్టాలి? కొందరు దీనిని అన్యాపదేశం అంటున్నారు. అది పొసగదు. అన్యాపదేశంలో, అనగా అప్రస్తుతప్రశంసలో, చెప్పినది ఒక పూర్ణమైన అర్థమై నిలుస్తుంది. చాతకం మేఘాన్ని యాచించడం దానంతట అది ఒక వృత్తాంతం. యాచకుని సంగతి దాని వెనుక స్ఫురిస్తుంది. గుడ్లగూబతో ఎగిరే రెక్కల స్త్రీకి రాత్రి అన్న అర్థం తీసివేస్తే మిగిలే స్వతంత్రవృత్తాంతమేమీ లేదు. కనుక ఇది లక్షణలో చేరవలసినది. అందులోనూ రెండు తీరులు ఉన్నాయి. ఫలకం కింద శిల్పి ‘విశ్వాసం’ అని పేరు చెక్కితే విషయం, విషయి రెండూ కంటికి కనిపిస్తున్నాయి కనుక అది సారోప. పేరు లేక, స్త్రీ చేతిలో ఒక లంగరు మాత్రమే పెట్టి ఆశ అని గ్రహించమంటే విషయాన్ని విషయి మింగివేసినది కనుక అది సాధ్యవసాన. అప్పయ్యదీక్షితులు రూపకాతిశయోక్తి అన్నది దీనినే. కువలయానందం చదివిన ప్రతి విద్యార్థికీ ఈ భేదం వచ్చు. ఆ విద్యార్థికి ఒక్క శిల్పమైనా చూపి ఇది ఏ తీరు అని మనం అడిగిన పాపాన పోలేదు.

అలంపురం గంగ ఈ రెండింటిలోనూ చేరదు. నదీజలానికి అధిష్ఠానమైన చైతన్యాన్ని వేదాంతులు అభిమానిదేవత అంటారు. జలం వేరు, దేవత వేరు, వాటికి సంబంధం నిత్యం. శిల్పి ఇక్కడ పవిత్రత అనే గుణాన్ని తీసుకొని దానికి స్త్రీదేహం ఆరోపించలేదు. ఉన్నదని తాను నమ్మిన దేవతను ఉన్నట్లుగా చెక్కాడు. ఆ ద్వారం దాటేవాడు తుంగభద్రలో స్నానం చేసినా చేయకపోయినా, ఆ ఇద్దరి మధ్యనుండి నడిచి పోవడంతో స్నాతుడైనట్లే. గడపవద్దనే వారిని నిలపడంలోని ఔచిత్యం అది. స్వర్గబ్రహ్మాలయపు దిక్పాలకుల సంగతీ ఇంతే. ఇంద్రుడు తూర్పుదిక్కుకు ప్రతీక కాడు, పతి.

నమ్మేవారికి దేవత, నమ్మనివారికి ప్రతీక, అంతే కదా అని ఆధునికులు ఆక్షేపించవచ్చు. అంతే కాదు. వ్యవహారంలో తేలే భేదం ఒకటి ఉన్నది. సర్వోన్నత న్యాయస్థానంలో నెలకొల్పిన కొత్త న్యాయదేవత విగ్రహం సంగతి 2024 అక్టోబరులో పత్రికలలో వచ్చినది. కన్నులగంత తీసివేశారు. ఖడ్గానికి బదులు రాజ్యాంగగ్రంథం పెట్టారు. దానివల్ల అర్థం మారినది, అలా మార్చడమే వారి ఉద్దేశం. అదే సంవత్సరం డిసెంబరు 9న సచివాలయంలో ఆవిష్కరించిన తెలంగాణ తల్లి రూపం అంతకుముందు ప్రచారంలో ఉన్న రూపానికి భిన్నమైనది. ఏది మేలు అన్న వాదంలో నేను దిగను. మార్చవచ్చునా అన్న చర్చ జరగడమే అది మానవసంకేతమని చెబుతున్నది. సంకేతం పెట్టుకొన్నవారు సంకేతం మార్చుకోవచ్చు. అలంపురం గంగకు మకరం తీసి మరొక వాహనం పెడదామని ఏ సంఘమూ తీర్మానించదు. తీర్మానిస్తే మనకు మిగిలేది కొత్త అర్థం కాదు, గుర్తు పట్టలేని బొమ్మ.

ఇంతమాత్రం చేత మనవారు గుణాలకు దేహమివ్వడం ఎరుగరని కాదు. పదకొండవ శతాబ్దిలో కృష్ణమిశ్రుడు ప్రబోధచంద్రోదయంలో వివేకమహామోహులను రాజులను చేసి యుద్ధం చేయించాడు. నంది మల్లయ, ఘంట సింగయ జంటకవులు దానిని తెనుగు ప్రబంధం చేశారు. వేదాంతదేశికులవారి సంకల్పసూర్యోదయం ఉండనే ఉన్నది. అంతకు ఎంతో పూర్వం అశ్వఘోషుని కాలపు నాటకశకలాలు మధ్య ఆసియాలో దొరికాయి. లూడర్స్ పండితుడు 1911లో ప్రకటించిన ఆ తాళపత్రపు ముక్కలలో బుద్ధి, కీర్తి, ధృతి అనే పాత్రలు రంగంపైకి వచ్చి మాట్లాడుకొంటాయి. బుద్ధచరితంలో మారునికి విభ్రమ హర్ష దర్పులు కుమారులు. ప్రీతి, తృష అనేవారు కుమార్తెలలో ఉన్నారు. ఇది అచ్చమైన ఆరోపం. ఈ విభ్రమానికీ తృషకూ ఎవరూ గుడి కట్టలేదు.

ఈ మారధర్షణమే నాగార్జునకొండ ఫలకాలలో రాతికి ఎక్కినది. బోధివృక్షం కింద కూర్చున్న బోధిసత్త్వుని ఒకవైపు వికృతాకారపు సైన్యం, మరొకవైపు వయ్యారంగా నిలిచిన కన్యలు. థొర్వాల్‌సెన్ ‘రాత్రి’కి పక్కన పెట్టి పోల్చదగినది ఈ కన్యలనే గాని గంగను కాదు. పోల్చినప్పుడు తేడా ఒకటి కొట్టవచ్చినట్లు కనబడుతుంది. నియోక్లాసికల్ శిల్పి గుణాన్ని ఒంటరిగా ఖాళీ ఫలకంపై నిలుపుతాడు. చుట్టూ నిశ్శబ్దం. దాని అర్థం దాని చేతిలోని వస్తువులోనే వెదుక్కోవాలి. మన శిల్పి తృషను కథలోకి దింపాడు. ఆమె ఎవరివైపు చూస్తున్నదో, ఎవరు ఆమెవైపు చూడడం లేదో చూపాడు. గుర్తులు చెప్పవలసిన పనిని ఇక్కడ అనుభావాలు చేస్తున్నాయి. రసదృష్టితో చూస్తే ఇది మేలైన మార్గమని నేను నిస్సంకోచంగా అంటాను. శృంగారాభాసం చుట్టూ కమ్ముకొని ఉండగా నడుమ శాంతం చలించక నిలిచినది. ఒంటరి మూర్తిలో ఈ సంఘర్షణకు చోటు లేదు.

ఇక శూన్యాసనం. మన శాస్త్రానికి నిజమైన పని దొరికే స్థలం ఇదే. ఫణిగిరి ఒకప్పటి నల్లగొండ జిల్లాలోనిది, 2016 నుండి సూర్యాపేట జిల్లాలోనిది. నైజాం పురావస్తుశాఖవారు 1940 తరువాతి సంవత్సరాలలో అక్కడ తవ్వకాలు చేశారు. 2001 నుండి మళ్ళీ జరిగిన తవ్వకాలలో తోరణపు దూలాలు, జాతకకథల ఫలకాలు, బోధిసత్త్వమూర్తి వెలువడినాయి. వాటిలో కొన్ని 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాల వరకు వెళ్ళి వచ్చాయి. కొండ మనకు పరిచితమైన నల్లరాతి గుట్టయే. శిల్పం మాత్రం కృష్ణాతీరపు సున్నపురాయి. అంత దూరం బండలను తరలించి తెచ్చి చెక్కారంటే ఆ రాతిపై వారికి ఎంతటి పక్షపాతమో ఊహించుకోవలసినదే.

ఈ కృష్ణాతీరపు బౌద్ధశిల్పంలో బుద్ధుని రూపం లేని ఫలకాలు అనేకం. ఆసనం ఉంటుంది, పైన కూర్చున్నవాడు ఉండడు. పాదముద్రలు ఉంటాయి, నడిచినవాడు ఉండడు. చక్రం ఉంటుంది, తిప్పినవాడు కనబడడు. చుట్టూ అంజలి ఘటించినవారు మాత్రం ఎదుట ఎవరో ఉన్నట్లే వంగి ఉంటారు. దీనిపై పాశ్చాత్యవిద్వాంసులలో ఒక వాదం నడిచినది. సూసన్ హంటింగ్టన్ 1990లో ఆసనం ఆసనమేననీ, అది తీర్థస్థలం, భక్తులు ఆ స్థలాన్ని పూజిస్తున్నారనీ, లేని బుద్ధుని అక్కడ ఊహించనక్కరలేదనీ వ్రాశారు. విద్యా దెహేజియా 1991లో దానికి సమాధానంగా ఒకే గుర్తు బుద్ధుని, స్థలాన్ని, ధర్మగుణాన్ని కూడ సందర్భాన్ని బట్టి చెప్పగలదని వాదించారు. ఇద్దరూ గొప్ప పరిశ్రమ చేసినవారే. ఈ వాదం చదువుతున్నప్పుడు నాకు మాత్రం పాఠశాలలో కూర్చొని శబ్దవ్యాపారవిచారం వింటున్నట్లే అనిపించినది. మొదటివారు అభిధ దగ్గర ఆగుదామంటున్నారు. పాతమతంవారు లక్షణ అంటున్నారు. దెహేజియా చెప్పేది అనేకార్థమైన శబ్దానికి సంయోగం, ప్రకరణం మొదలైనవి అర్థనియమం చేయడమే. మన శాస్త్రంలో పాతికకు పైగా పుటల సామగ్రి ఈ వాదానికి సిద్ధంగా ఉన్నది. అందులో ఒక్క పుటయైనా మనం వారికి అందించలేదు.

నా మతం చెబుతాను. మంచాలు అరుస్తున్నాయి అంటే మంచాలపై ఉన్నవారు అరుస్తున్నారని గ్రహిస్తాము. ఆధారం చెప్పి ఆధేయాన్ని తెలపడం అది. శూన్యాసనంలో వ్యాపారం ఇదే, పాదముద్రలలో కార్యం చేత కారణాన్ని తెలపడం. ముఖ్యార్థబాధ ఎక్కడ ఉన్నదని హంటింగ్టన్ పక్షంవారు అడుగుతారు. అంజలి ఘటించినవారి చూపులలో ఉన్నది. కొన్ని ఫలకాలలో ఆ చూపులు పీఠంపై వాలలేదు. కూర్చున్న మనిషి ముఖం ఉండవలసిన ఎత్తున నిలిచాయి. అటువంటి చోట్ల స్థలపూజ అన్న అర్థం చాలదు. చూపులు పీఠంపైనే వాలిన చోట ఆమె మాట ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఫలకానికి ఫలకం విడివిడిగా చూసి తేల్చవలసిన సంగతి ఇది. లక్షణ సిద్ధించిన పిదప దానికి ప్రయోజనం వెదకాలి. రూపం లేని చోటనే నిర్వాణం వ్యంగ్యం అవుతుంది. అది ఆసనాన్ని చూపితేనే తోస్తుంది, విగ్రహం పెడితే తోచదు. దీనినంతా ‘ప్రతీక’ అనే మాటలో ముంచివేస్తే శిల్పి పడిన శ్రమ ఏమైనట్లు?

రాతి పేరు గురించి కూడ ఒక మాట. సున్నపురాయి భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ లోనై మారితే చలువరాయి అవుతుంది. అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి శిల్పాలు చలువరాతివి కావు, పలనాటి సున్నపురాతివి. అయినా తొలి ఆంగ్లేయులు వాటిని ‘అమరావతి మార్బుల్స్’ అన్నారు. వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించినవి 1859లో లండను చేరి ‘ఎలియట్ మార్బుల్స్’ అయినాయి. ఏథెన్సునుండి తెచ్చి 1816లో బ్రిటిష్ ప్రభుత్వానికి అమ్మిన ‘ఎల్గిన్ మార్బుల్స్’ వారి మనస్సులో ఉన్నాయి. తెల్లని చలువరాయే ఉత్తమశిల్పానికి తగిన ద్రవ్యమన్న నియోక్లాసికల్ అభిరుచి మన నాపరాతి జాతిని కూడ మార్చివేసినది! ఆ పేరును మన పాఠ్యగ్రంథాలు నేటికీ పాలరాయి అని అనువదిస్తూనే ఉన్నాయి.

ఇంతవరకు శాస్త్రం. ఇక మన వృత్తికి సంబంధించిన ఒక చలువరాతి ఫలకం సంగతి చెప్పవలసి ఉన్నది.

తూర్పుదేశాలను చలువరాతిలో రూపించడం ఆంగ్లేయులకు అలవాటే. లండనులోని ఈస్టిండియా కంపెనీ భవనం కోసం రైస్‌బ్రాక్ అనే శిల్పి 1730 ప్రాంతంలో ఒక అర్ధచిత్రం చేశాడు. ఇది నియోక్లాసికల్ శైలికి ముందుతరానిది. అందులో భారతదేశం ఒక స్త్రీ. ఆమె రత్నాల పెట్టె తెచ్చి బ్రిటానియాకు సమర్పిస్తుంది. ఐరోపా అప్పటికి ఎరిగిన మేటి వజ్రాలలో ఎక్కువ భాగం మన కృష్ణాతీరపు గనులవి కనుక ఆ పెట్టె మనకు కొంత పరిచితమే. లండను సెయింట్ పాల్ దేవాలయంలో సర్ విలియం జోన్సుకు బేకన్ 1799లో చేసిన స్మారకం ఉన్నది. దాని పీఠంపై అధ్యయనం, ప్రతిభ అనే రెండు మూర్తులు ప్రాచ్యవిద్యపై ముసుగు తొలగిస్తున్నట్లు, లోపల మన కూర్మావతారం కనబడుతున్నట్లు చెక్కారు. ఆ కూర్మం మనకు ఎన్నడూ ముసుగులో లేదన్నది వేరే సంగతి.

నేను చెప్పదలచినది మూడవది. ఆక్సుఫర్డు యూనివర్సిటీ కాలేజీ ప్రార్థనామందిరంలో జోన్సుకే జాన్ ఫ్లాక్స్‌మన్ చేసిన అర్ధచిత్రం అది. నియోక్లాసికల్ శిల్పులలో రేఖాసౌష్ఠవానికి ఫ్లాక్స్‌మన్‌ది పెట్టినది పేరు. ఆ ఫలకంలో జోన్సు కుర్చీలో కూర్చొని బల్లపై వ్రాసుకొంటున్నాడు. ఎదుట నేలపై ముగ్గురు పండితులు కూర్చొని ఉన్నారు. ఆయన హిందూ, మహమ్మదీయ ధర్మశాస్త్రాల సంగ్రహాన్ని రచించినట్లు కింద లేఖనం ఉన్నది.

పండితులను నేలపై కూర్చోబెట్టి అవమానించారని ఈ శిల్పంపై ఈనాటివారు ఆక్షేపిస్తారు. నాకు ఆ ఆక్షేపం రుచించదు. నేలపై చాప పరచుకొని కూర్చొనే మేము శాస్త్రం చదివాము, చెప్పాము. దానిలో లాఘవమేమీ లేదు. శిల్పంలోని లోపం మరొకటి. మన పద్ధతిలో చెప్పేవాడు పీఠంపై, అడిగేవాడు కింద ఉంటాడు. ఇక్కడ అడిగేవాడు పైన, చెప్పేవారు కింద ఉన్నారు. గురుశిష్యసంబంధం తలకిందులు కావడం వల్ల ఫలకానికి కొత్త అర్థం వచ్చినది. పండితులు నోటితో చెప్పే జ్ఞానం ముడిసరకు, జోన్సు కలం దానిని గ్రంథం చేస్తున్నది. ఇది జరిగిన సన్నివేశం చెక్కినట్లు కనబడే అలిగొరీ. ఆ ముగ్గురు పండితులు మనుష్యులు కారు, ‘హిందూవిద్య’ అనే భావానికి వేసిన వేషాలు.

జరిగినది వేరు. ధర్మశాస్త్రసంగ్రహం చేయించాలని జోన్సు 1788లో కారన్‌వాలీసుకు ప్రతిపాదించాడు. వివాదభంగార్ణవం అనే ఆ సంస్కృతగ్రంథాన్ని కూర్చినది త్రివేణీవాసి జగన్నాథ తర్కపంచానన భట్టాచార్యులు. జోన్సు 1794 ఏప్రిల్ 27న మరణించాడు. గ్రంథాన్ని ఇంగ్లీషు చేసి 1790ల చివర వెలువరించినవాడు కోల్‌బ్రూక్. జోన్సు దొడ్డవాడు కాడని నేను అనను. మనుస్మృతిని అనువదించినవాడు, సంస్కృతాన్ని ఐరోపా తలకెత్తుకొనేట్లు చేసినవాడు. అయినా గ్రంథకర్త పేరు లేని చోట గ్రంథం చేయించినవాని పేరు శిలాక్షరమై ఉన్నది. మెకంజీ దొరను 1816లో హికీ చిత్రించినప్పుడు పక్కన నిలిచినవారి పేర్లు చరిత్రకు దక్కాయి. వారిలో మన కావలి వెంకట లక్ష్మయ్య ఒకడు. ఫ్లాక్స్‌మన్ ఫలకంలోని వారికి ఆ భాగ్యం లేదు.

దీని పక్కన అమరావతి రాయి ఒకటి పెట్టి చూడండి. పూర్ణఘటం చెక్కిన ఫలకం అది. దానిని ఇచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు. తల్లి, భార్య, సోదరులు, కొడుకు, కూతుళ్ళు అందరితో కలిసి ఇచ్చినట్లు రాతిపైనే వ్రాసి ఉన్నది. మంగళభావానికి రూపం ఘటం. ఆ రూపాన్ని ఇచ్చిన మనిషి భావంలో కరగిపోక పేరుతో నిలిచినాడు. ఫణిగిరిలోనూ ఇంతే. ఇక్ష్వాకురాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనాసంవత్సరంలో రాజవైద్యుడు ధర్మచక్రస్తంభం నెలకొల్పినట్లు శాసనం ఉన్నది. ఆ శాసనంలోని పద్యరచనను పీటర్ స్కిల్లింగ్, ఆస్కర్ ఫాన్ హినూబర్ అనే ఇద్దరు విదేశీయులు 2011లో పరిష్కరించి ప్రకటించారు. నల్లగొండ జిల్లా కొండపై దొరికిన బౌద్ధకావ్యానికి అన్వయం, అలంకారనిర్ణయం, తెలుగు తాత్పర్యం మన ప్రాచ్యకళాశాలల నుండి ఎందుకు రాలేదో ఎవరిని అడగాలి? పద్యం చదివి బుద్ధునికి చెప్పిన ఆధిక్యం వ్యతిరేకమా, ప్రతీపమా అని తేల్చడానికి మనకంటె తగినవారు ఎవరున్నారు?

ప్రాచ్యకళాశాలలకు విద్యార్థులు తగ్గిపోతున్నారని, చదువు పూర్తిచేసినవారికి పండితోద్యోగం తప్ప దారి లేదని మన సభలలో తరచు వింటున్నాము. నిజమే. అయితే ఇక్కడ ఒక దారి ఉన్నది. పురావస్తుశాఖలో, ప్రదర్శనశాలలలో, 2022 మే నెలలో నాగార్జునసాగరంలో ప్రారంభమైన బుద్ధవనం వంటి చోట్ల శిల్పాన్ని వివరించి చెప్పేవారు కావాలి. ఆ పనికి మూలభాష తెలిసినవారికంటె యోగ్యులు లేరు. బుద్ధవనంలో నేటి శిల్పులు చెక్కిన అర్ధచిత్రాలకు పాత అమరావతి రీతియే ఆదర్శం. సందర్శకులు ప్రశ్నలు వేస్తారు, వారికి సమాధానం చెప్పేవాడు ఆరోపానికీ అధిష్ఠానానికీ భేదం తెలిసినవాడు కావద్దా?

కనుక నా సూచనలు చిన్నవి. అలంకారశాస్త్రపత్రంలో లక్ష్యశ్లోకాలతో పాటు నాలుగైదు లక్ష్యశిల్పాలు చేర్చాలి. సారోపకు ఒక పాశ్చాత్యఫలకం, సాధ్యవసానకు థొర్వాల్‌సెన్ ‘రాత్రి’, శుద్ధలక్షణకు ఫణిగిరి శూన్యాసనం ఛాయాచిత్రాలు చాలు. దేవతామూర్తిని ఈ జాబితాలో చేర్చరాదనడానికి ప్రత్యుదాహరణంగా అలంపురం గంగ ఉండాలి. పాలమూరు సీమలోని పాలెం కళాశాలవారు అలంపురానికి, నల్లగొండ, సూర్యాపేటల వారు ఫణిగిరికీ పానగల్లుకూ విద్యార్థులను సంవత్సరానికి ఒకసారి తీసుకొని వెళ్ళవచ్చు. సూర్యాపేట నుండి ఫణిగిరి వెళ్ళి రావడం ఒక పగటి పని. వెళ్ళేటప్పుడు గైడుపుస్తకాలు అక్కరలేదు. కావ్యప్రకాశం ద్వితీయోల్లాసం ఒక్కటి చేత పట్టుకొని వెళ్ళి, ఫలకం ముందు నిలబడి, అంజలి ఘటించినవారి చూపు పీఠంపై ఉన్నదా, పీఠానికి పైన ఉన్నదా అన్నది విద్యార్థి చేతనే చెప్పించి వ్రాయించాలి. ఆ వ్రాతలలో మేలైనవి రెండు మూడు ఏటేటా ఈ పత్రికకే పంపితే సంపాదకులు కాదనరని తలుస్తాను.